గృహిణీధర్మము: చీటి విలువ

గతమాసమున నొక మధ్యాహ్నము మా పెరటిగదిలో నద్దెకుండు నామె మడత పెట్టిన కాగితమును చేతబట్టుకొని వాకిట నిలిచి, "పంతులమ్మా, ఈ కాయిదం జర చదివి చెప్పుర్రి" అని యడిగెను. ఆమె బీడీలు చుట్టి జీవించునది. మా నిజామాబాదులో నీ పని యెరుగని పేట యరుదు. టేకేదారు తునికాకు, తంబాకు, దారము ఇచ్చును. వానిని ఇంటికి దెచ్చి, చాట నొడిలో బెట్టుకొని చుట్టి, కట్టలు గట్టి మరల నప్పగింపవలెను. రెండు మాసములుగా కూలి రాలేదని యామె మొర. నేను కాగితము విప్పి చూచితిని. అది కూలి లెక్కయే గాని, దానిపై నున్న పేరు ఆమెది కాదు, ఆమె తోడికోడలిది!

విచారింపగా సంగతి తెలిసినది. పండ్రెండేండ్లుగా పుస్తకమొకటి, చుట్టుచున్న చేతులు నాలుగు. ఈమె చుట్టినవన్నియు తోడికోడలి లెక్కలోనే చేరినవి. కావున భవిష్యనిధి (పి.ఎఫ్.) ఈమె పేర లేదు. తెలంగాణ ప్రభుత్వము 2015లో బీడీ కార్మికురాండ్రకు నెలకు 1,000 రూపాయల భృతి నేర్పరచి, 2019లో దానిని 2,016 రూపాయలకు బెంచినది. భవిష్యనిధి ఖాతా లేనందున నదియు నీమెకు దక్కలేదు.

భారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజును జూడవచ్చి కుశలమడుగుచు, సేనకు భోజనమును జీతమును కాలము దప్పకుండ నిచ్చుచున్నావా, జాగు చేయుట లేదు గదా యని ప్రశ్నించును. జీతము నిచ్చుట యొకటి, వేళకిచ్చుట మరియొకటి యని మన పెద్దలు నాడే యెరిగిరి.

నేటి శాసనమును ఆ మాటయే చెప్పుచున్నది. 2019లో పార్లమెంటు చేసిన వేతన స్మృతి 2025 నవంబరు 21 నుండి యమలులోనికి వచ్చినది. నెలజీతము మరుసటి నెల 7వ తేదీలోపల నీయవలెను. పనినుండి తొలగించినను, కర్మాగారము మూతబడినను, రెండు పనిదినములలో బాకీ తీర్పవలెను. యజమాని వేతనపుచీటి నీయవలెను. కూలి రాలేదని ఫిర్యాదు చేసినచో, ఇచ్చితినని ఋజువు చేయు భారము యజమానిదే. ఫిర్యాదునకు మూడేండ్ల గడువు గలదు. విచారించు నధికారి బాకీతోబాటు దానికి పదిరెట్ల వరకు పరిహారము విధింపవచ్చును. ఇంటిలో గూర్చుండి బీడీలు చుట్టువారును కార్మికులేయని 1966 నాటి బీడీ కార్మిక చట్టము గుర్తింపగా, 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలబెట్టినది.

చట్టము మంచిదే. కాని తన పేరు వ్రాసిన చీటి లేనివారి మొర నది యెట్లు వినగలదు?

చీటి యుండిన నేమగునో తెలియుటకు బోధనునకు బోవలెను. నిజాంసాగరు కాలువల క్రింద పెరిగిన చెరకు నాధారముగా 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును శక్కరునగరు వెలసినది. కొలువుతోబాటు క్వార్టరు, కూడును గూడును నొక్క చోటనే. 2002లో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటువారికి బోయినది. 2015 డిసెంబరు 23న లే-ఆఫ్ ప్రకటింపబడినది. 2019 జూన్‌లో కంపెనీ లా ట్రిబ్యునలు లిక్విడేషనునకు, అనగా ఆస్తులనమ్మి బాకీలు దీర్చుటకు, ఆజ్ఞ యిచ్చినది. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము అట్టి యాజ్ఞకు ముందు 24 మాసముల కార్మికుల బాకీ, తాకట్టుగల ఋణదాతల బాకీతో సమానస్థానము పొందును. భవిష్యనిధి సొమ్ము అప్పులవారి పంపకములో చేరదు. అయినను, ఎవరికెంత రావలెనో చూపవలసినది కాగితమే. బోధనులో నేనెరిగిన యొక యిల్లాలు భర్త జీతపుచీటీలనన్నిటిని పెండ్లినాటి పెట్టెలో పట్టుచీర క్రింద దాచినది. "బంగారము కుదువబెట్టితిని గాని చీటి నొక్కదానిని బారవేయలేదమ్మా" అని యామె నాతో జెప్పినది. చీటి యున్నంతమాత్రమున సొమ్ము రెక్కలు గట్టుకొని రాదు, ఏండ్లు వేచియుండవలెను. చీటి లేనిచో వేచియుండుటకు వరుసయే లేదు.

ఇక మా పెరటిగది యామె కథ. కార్మికాధికారికి అర్జీ వ్రాసితిని. చిరునామాకు ఋజువు కావలెననిరి. "అద్దె రసీదు లేదా?" అని యామెను నేనే యడిగితిని. ఆమె నా ముఖము చూచి, మెల్లగా, "మీరెప్పుడన్న ఇచ్చిండ్రా పంతులమ్మా?" అనెను.

సోదరీమణులారా, నాకు తల యెత్త సాధ్యము కాలేదు. ఆరేండ్లుగా నెలనెల నద్దె పుచ్చుకొనుచున్న చేయి నాది. ఒక్క చీటియైన వ్రాయలేదు. టేకేదారును నిందించుటకు బూనిన నేను చేసినదేమి?

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, పొమ్మన్నను పోక నిలిచిన యద్దెదారునకును, అద్దె చెల్లించినవానిని వెడలగొట్టిన యజమానునకును సమానముగా 12 పణముల దండము విధించినాడు. మన పట్టణములకు వర్తించు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమును ఉభయులను గనిపెట్టియే యున్నది. చెల్లించిన యద్దెకు రసీదు పొందుట యద్దెదారుని హక్కు. రెంట్ కంట్రోలరు ఆజ్ఞ లేక ఖాళీ చేయింపరాదు. ఇంటివారు అద్దె తీసికొననిచో, ఏ బ్యాంకులో జమకట్టవలెనో 10 దినములలో దెలుపుడని నోటీసు నీయవచ్చును; బదులు రానిచో మనియార్డరు పంపవలెను; అదియు తిరిగివచ్చిన కంట్రోలరు కడ జమకట్టవచ్చును. క్రొత్త కట్టడములకును, పెద్ద యద్దెల యిండ్లకును ఈ చట్టము వర్తింపదు. అట్టి యింటివారికిని రసీదు వ్రాసి యిచ్చుట కష్టమా?

ఆ సాయంకాలమే రసీదు వ్రాసి సంతకము చేసితిని. తోడికోడలు తానై వచ్చి సాక్ష్యము చెప్పినది. అధికారి టేకేదారును బిలిపింపగా రెండు మాసముల కూలి చేతికందినది. ఈ నెలనుండి పుస్తకము ఆమె పేరనే నడచుచున్నది. గడచిన పండ్రెండేండ్లు మాత్రము తిరిగి రాలేదు.

చదువు వచ్చిన మనము చేయదగిన పని యిందు గలదు. ఇరుగుపొరుగున కూలి చేయు స్త్రీల పుస్తకము నొకసారి యడిగి చూడుడు. పేరెవరిదో చదివి చెప్పుడు. మొర పెట్టుకొనవలసి వచ్చిన, 1987 నాటి చట్టము ననుసరించి స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము గలదని, 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చునని తెలుపుడు. మరి మీ యింట నద్దెకున్నవారుండిన, ఈ నెల యద్దె పుచ్చుకొనునప్పుడే రసీదు వ్రాసి వారి చేతికిండు.