చేతినిండ పనులు, చేతికి రాని పని

గత ఆదివారమున మా పట్టణమందలి యొక సేవాసంఘపు కార్యవర్గము సమావేశమైనది. మేమును అందొక సభ్యులము. వచ్చినవారు పదునొకండుగురు, కార్యక్రమపత్రమున నున్న విషయములు పదునాలుగు. పఠనమందిరపు కప్పు, రాత్రిపాఠశాల, చెరువుకట్టమీది ముండ్లపొదలు, వ్యాసరచనపోటీలు, తాళపత్రముల సేకరణము, వార్షికోత్సవము - ఇట్లు వరుస సాగినది. ప్రతిదానిపైనను తీర్మానమైనది, ప్రతిదానికిని ఉపసంఘ మేర్పడినది. ఆ పదునొకండుగురే యన్ని యుపసంఘములలోను సభ్యులు! సంతోషింపవలయునో భయపడవలయునో మాకు తోచలేదు.

భయపడుటకు కారణము గలదు. కొన్నియేండ్ల క్రిందట ఈ పంక్తులు వ్రాయువాడే వేరొక సంఘమునకు కార్యదర్శిగా నుండెను. అచ్చటి గ్రంథాలయపు కప్పు కురియునని వేసవిలోనే యెల్లరకు తెలియును. బాగుచేయుటకు నలుగురు మనుష్యులు, నాలుగు దినములు చాలును. ఆ నలుగురును ఊరేగింపు ఏర్పాట్లలో నొకనాడు, చందాల వసూలులో నొకనాడు, ఆహ్వానపత్రముల పంపకములో నొకనాడు తిరుగుచుండగనే మృగశిరకార్తె ప్రవేశించెను. రెండు బీరువాల పుస్తకములు తడిసి ముద్దయైనవి. వానిలో మరల అచ్చుపడని పుస్తకములు గూడ నుండెను. మాలో నెవడును సోమరి కాడు. అందరును ప్రొద్దుగ్రుంకువరకు తిరిగినవారే.

వకీళ్లకు ఈ జబ్బు పరిచితమే. ఒకే యుదయమున మూడు కోర్టులలో కేసులున్నవాడు రెంటిలో వాయిదా కోరును. మూడవదానిలో కాగితములు చదువకయే వాదించును. అచ్చట కక్షిదారుడైనను గట్టిగా నిలదీయును. సంఘములకు కక్షిదారులు ప్రజలు. వారడుగరు గావున మన వాయిదాలకు హద్దు లేదు.

మన పూర్వులు చేసినదేమి? 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కారసభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ఉపన్యసింపబోగా సభికులు అల్లరి చేసిరి. ఆ రాత్రియే కొలదిమంది కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. 1923లో మన హనుమకొండయందే కేంద్రసంఘ మేర్పడినది. వారి కోరికలకు కొదువ లేదు. ఐనను మాడపాటి హనుమంతరావుగారును వారి సహచరులును ఒక్కొక్క బాధను విడదీసి పట్టుకొనిరి. వెట్టిచాకిరి యొకటి; అధికారులు వర్తకులను సరకులకై పీడించుట మరియొకటి. సర్కారు ఉత్తరువులలో ప్రజకనుకూలమై, ప్రజ యెఱుంగనివి యేవో వెదకి, చిన్న పుస్తకములుగా నచ్చువేసి పంచిరి. వకీలుబుద్ధికి ఇంతకంటె మంచి యుపయోగము మేమెఱుగము.

అట్లే సురవరము ప్రతాపరెడ్డిగారు. తెలంగాణమున తెలుగుకవులు పూజ్యమని యొకరాక్షేపింపగా, ఆయన ఆ యొక్క మాటనే పట్టి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. మన ప్రాంతపు ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రికను నెలకొల్పిరి. వారికి రాని విద్య లేదు. ఐనను వారమునకొకమారు పత్రిక పల్లెనుండి వెలువడవలయుననిన, వ్రాతయు కూర్పును ముద్రణమును తామే చూచుకొనిరి.

ఇందుకు మారుగ నొకటి చెప్పవలసియున్నది, చెప్పుటకు నోరాడదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడియు అకారముతోనే యాగినది. 1923లో ఆయన గతించిరి. ఆ మహనీయునందు తప్పెంచ మేమెంతవారము! శాసనములు, చరిత్ర, విజ్ఞానచంద్రికా గ్రంథమండలి - ఇన్నియు నొక్కతలపై నుండగా చుట్టును చేరవలసినన్ని చేతులు చేరలేదు.

ఏ పని ముందు, ఏది వెనుక యనునది మావంటివారికి తెగని వ్యాజ్యము. మేమొక కొలత చెప్పుదుము: ఆలస్యమైనచో తిరిగిరానిది యేది? వ్యాసపోటీ వచ్చే యేడు పెట్టవచ్చును. ముండ్లపొదలు మఱియొక నెల పెరిగినను కొట్టవచ్చును. తడిసిన పుస్తకము తిరిగిరాదు. రాత్రిపాఠశాలయు నట్టిదే, దినమెల్ల మూటలు మోసి, కడుపునిండ తినకయే పలకపట్టి వచ్చిన కూలి, మూడు రాత్రులు పంతులు లేక మరలిపోయినచో నాల్గవరాత్రి రాడు. తాళపత్రముల మాట యేమందురా? అదియు పాడగునదే, కాని యవి యిప్పటికి ఇండ్లలో అటకలపై నున్నవి, కురియు కప్పుక్రిందికి తెచ్చి పెట్టుట మేలు కాదు.

కావున ఆరుగురు కప్పునకు, ఐదుగురు పాఠశాలకు. తక్కినవానికి వాయిదా వలదు, రద్దే కావలయును; వాయిదావేసిన పని మనసున నొకమూల కూర్చుండి చేయు పనిని చెఱచును. కొందరు నొచ్చుకొందురు, ముఖ్యముగ వార్షికోత్సవమునకు అధ్యక్షుని పిలిచివచ్చినవారు. వారి నొప్పి మాకు తెలియును. ఆ పిలిచినవారిలో మేమొకరము.

కార్యవర్గము ఈ ఆదివారము మరల కూడును. మృగశిరకు నెలదినములు లేవు. కార్యదర్శి పదునాలుగు విషయముల పత్రమునకు మారుగ రెండే వ్రాసిన పత్రమును తెచ్చునేని, ఉత్సవపు ఉపసంఘమునుండి మా పేరు కొట్టివేయవచ్చును. నిచ్చెన మా యింటనున్నది. సోమవారము ఉదయమున తెచ్చెదము.