ఊరి బయటి నుంచి – 14: వెన్నునొప్పికి కులం చూసే వైద్యం



మా చిన్నమ్మది లేపాక్షి మండలం. కలుపు తీసి, శనక్కాయ పీకి బతికిన మనిషి. రొమ్ము క్యాన్సర్‌కు బెంగళూరులో కీమో మొదలైంది. మరుసటి రోజు తెల్ల రక్తకణాలు పెరగడానికి ఒక ఇంజెక్షన్ వేశారు. తొమ్మిదో రోజు జ్వరం, వెన్నులో నొప్పి. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోతే ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఎక్కించారు. నొప్పి సంగతి అడిగితే, "కూలి పనులు చేసేవాళ్లకు నడుంనొప్పి ఉండదా?" అన్నారు.

"కూలి నొప్పి నాకు తెల్దా నాయనా? ఇది అది కాదు, లోపల నొస్తాండాది" అంది చిన్నమ్మ. ఆ మాట కేస్ షీట్ మీదికి ఎక్కలేదు.

బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. సీఆర్‌పీ మాత్రం బాగా ఎక్కువ. ఎలాగో తగ్గింది. రెండో కీమోకి అదే ఇంజెక్షన్, మళ్లీ అదే జ్వరం. ఈసారి బెంగళూరులో ఒక పీజీ డాక్టరమ్మ రెండుసార్ల తేదీలూ పక్కపక్కన పెట్టి చూసి కాంట్రాస్ట్ సీటీ తీయించింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ వాచి మందమెక్కి ఉంది. ఇంజెక్షన్ ఆపి స్టెరాయిడ్ ఇచ్చారు, తగ్గింది.

ఫిల్‌గ్రాస్టిమ్, పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఈ మందులు వద్దని నేను అనడం లేదు. కీమో తర్వాత ఇన్ఫెక్షన్‌తో ప్రాణం పోకుండా కాపాడేవి ఇవే. కానీ అరుదుగా పెద్ద రక్తనాళాలు వాస్తాయి. జపాన్ ప్రభుత్వం 2018లోనే ఆ హెచ్చరిక మందు కాగితంలో చేర్పించింది. అమెరికా కాగితంలో జ్వరం, కడుపునొప్పి, నీరసం, వెన్నునొప్పి అని లక్షణాలే రాశారు, మొదటి వారంలోనే రావచ్చనీ రాశారు. వెన్నునొప్పి అని అచ్చులో ఉన్నా, కూలి వెన్నుకొచ్చేసరికి అది లక్షణం కాకుండా పోయింది!

ఇందులో కులమేముంది అంటారు. స్కానింగ్ మెషీన్‌కు కులం లేదు నిజమే. దాని మీద ఎవర్ని పడుకోబెట్టాలో చీటీ రాసే చేతికి ఉంది. (మా పక్కనే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని 8,844 ఎకరాలు తీసుకున్నారు. హబ్ రాలేదు. నాలెడ్జ్ కావాలంటే ఇప్పటికీ బెంగళూరు బస్సే ఎక్కుతున్నాం.)

మెడిసిన్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకే చెప్తున్నా. ఈ ఇంజెక్షన్ పడ్డ మనిషికి జ్వరం వచ్చి, యాంటీబయాటిక్‌కు లొంగక, కల్చర్ ఖాళీగా వస్తే ధమనిని గుర్తు తెచ్చుకోండి. ముందు ఇన్ఫెక్షన్‌కు వైద్యం చేయండి, అది ఆపొద్దు. క్రియాటినిన్ చూసి కాంట్రాస్ట్ సీటీ అడగండి. పెట్ సీటీ అందుబాటులో ఉంటే వాపు ఉన్న గోడ అందులో వెలుగుతుంది. మెడ నాళాలైతే అల్ట్రాసౌండ్‌లోనూ పట్టుకోవచ్చు. మామూలు ఎక్స్‌రే తీసి బాగుందని పంపేయకండి.

ఇంట్లోవాళ్లు డిశ్చార్జ్ కాగితంలో ఇంజెక్షన్ పేరు, వేసిన తేదీ రాయించుకోండి. రాయకపోతే అక్కడే నిలబడండి. మందు వల్ల ఇబ్బంది వస్తే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ నంబర్ 1800-180-3024కి రోగులే చెప్పొచ్చు, డాక్టర్ దయ అక్కర్లేదు. చిన్నమ్మ తరఫున నేను చెప్పాను. "లోపల నొస్తాండాది" అన్నది కూడా రాయించాను.