విషాద కథకు ఒక గొంతు తోడు

పిల్లలకు విషాద కథలు చదివి వినిపించవచ్చా అన్న చర్చ తెలుగునాట ఎప్పుడు వచ్చినా రెండు వాదనల మధ్యే నలుగుతుంది. పసిమనసులు బెదిరిపోతాయని కొందరు, కష్టమంటే ఏమిటో తెలియకుండా పెరిగిన పిల్లలు రేపు లోకంలో నెగ్గుకురాలేరని మరికొందరు అంటారు. కథలో ఎంత దుఃఖం ఉండవచ్చన్నదే ఈ రెండు పక్షాల పట్టింపు. ఆ కథను పిల్లలు ఎవరి పక్కన కూర్చుని వింటున్నారు, అది ముగిశాక అక్కడ ఎవరు ఉంటున్నారు అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అసలు విషయం అక్కడే ఉంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో ఈ ప్రశ్నకు ఉన్న బరువు వేరు. 1987-88లో ఇక్కడి పత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరెథ్రాయిడ్ల వంటి పురుగుమందులను పదేపదే కొట్టడంతో పురుగులు వాటిని తట్టుకునే స్థితికి వచ్చాయి. దీనినే శాస్త్రజ్ఞులు నిరోధకశక్తి అంటారు. పంట పోయి, కౌలు బాకీ, మందుల దుకాణంలో అరువు కలిసి నెత్తిన పడడంతో పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రాష్ట్రంలో పత్తి రైతుల ఆత్మహత్యలు పెద్ద ఎత్తున లోకం దృష్టికి వచ్చింది అప్పుడే. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టినప్పుడు ఆ అప్పుల భయం మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఇటువంటి ఊళ్లలో పెరిగే పిల్లలకు దుఃఖం పుస్తకం తెరిచాక పరిచయమయ్యేది కాదు. అరుగుమీద పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నప్పుడే వాళ్లకు సగం తెలిసిపోతుంది. మిగతా సగాన్ని వాళ్లు ఊహించుకుంటారు. ఆ ఊహ చాలాసార్లు నిజంకన్నా భయంకరంగా ఉంటుంది. కాబట్టి పుస్తకాల్లోంచి విషాదాన్ని తీసేయడం వల్ల పిల్లలకు దక్కేది రక్షణ కాదు, దుఃఖం గురించి మాట్లాడుకునే అవకాశం వాళ్లకు లేకుండా పోతుంది, అంతే.

నిజానికి ఈ నేల పిల్లల నుంచి విషాదాన్ని ఎన్నడూ దాచలేదు. గుంటూరు ప్రాంతపు కవి బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్యహరిశ్చంద్రీయం’ తిరునాళ్లలోనూ పండుగ పందిళ్లలోనూ దశాబ్దాల తరబడి తెల్లవార్లూ ఆడింది. చాలాచోట్ల కాటి సీను ఒక్కదాన్నే ప్రత్యేకంగా ఆడించుకునేవారు. పాముకాటుకు చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి మోసుకుని చంద్రమతి అర్ధరాత్రి శ్మశానానికి వస్తుంది. కాటికాపరిగా ఉన్న భర్త హరిశ్చంద్రుడు ఆమెను గుర్తుపట్టక సుంకం చెల్లించనిదే దహనానికి వీల్లేదంటాడు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను కూడా నటులు ఈ ఘట్టంలో చేర్చుకున్నారు. చాపలు పరుచుకుని వేదికకు అందరికన్నా ముందు కూర్చునేది పిల్లలే. తమ ఈడు పిల్లవాడు చనిపోయిన కథను వాళ్లు నడిరేయి చూశారు. నాయనమ్మ కొంగులో ముఖం దాచుకున్నవాళ్లు, మధ్యలోనే నిద్రపోయినవాళ్లు, పద్యం అయ్యేదాకా రెప్పవేయనివాళ్లు వాళ్లలో ఉన్నారు. జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేస్తే నటుడు రాగం మళ్లీ అందుకునేవాడు, ఆ తల్లి ఏడుపు మళ్లీ మొదలయ్యేది.

అంతటి దుఃఖాన్ని చూసిన పిల్లలు మర్నాడు మామూలుగా ఆటలకు పోగలగడానికి కారణం ఏమిటో అలంకారశాస్త్రం చాలాకాలం కిందటే ఆలోచించింది. లోకంలో శోకంగా ఉన్నది కావ్యంలో కరుణరసంగా మారడానికి ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణం అనే ప్రక్రియను చెప్పాడు. వేదికమీది దుఃఖం ఫలానా వ్యక్తిదన్న హద్దు దాటి, చూసేవారి సొంతమూ కాకుండా, పరాయిదీ కాకుండా, అందరూ కలిసి అనుభవించదగినదిగా మారడమే సాధారణీకరణం. దీనికి అడ్డుపడే రసవిఘ్నాలను లెక్కించిన అభినవగుప్తుడు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండడాన్ని వాటిలో ఒకటిగా పేర్కొన్నాడు. గానం, వాద్యం వంటి రంగస్థల సామగ్రి ఆ విఘ్నాన్ని తొలగిస్తుందని కూడా ఆయన వివరించాడు. కాటి సీనులో హార్మోనియం చేసిన పని ఇదే. పద్యం చివర సాగదీసిన రాగం ఆ చావును నిజం చావుకు కొంత ఎడంగా నిలబెట్టింది. పక్కనున్న పెద్దల ఒడి ఆ ఎడాన్ని భయం లేనిదిగా చేసింది.

గాంధీజీ ఆత్మకథ ఇదే సంగతికి మరో సాక్ష్యం. తండ్రి కొన్న శ్రవణ పితృభక్తి నాటకం పుస్తకాన్ని ఆయన చిన్నతనంలో ఎంతో ఆసక్తిగా చదివాడు. శ్రవణుడి మృతికి తల్లిదండ్రులు విలపించే పాట మనసును పట్టుకుంటే, తండ్రి కొనిచ్చిన కాన్సర్టీనా అనే చేతివాద్యంపై దాన్ని వాయించుకున్నాడు. హరిశ్చంద్ర నాటకాన్ని చూసి, లెక్కలేనన్నిసార్లు తనలో తాను ఆడుకుని, తలుచుకుని ఏడ్చాడు. విషాదం ఆ బాలుణ్ణి కుంగదీయలేదు, అతని చేతికి పని ఇచ్చింది. పిల్లలు దుఃఖాన్ని పాటగా, ఆటగా మార్చుకుని మళ్లీ మళ్లీ దాని దగ్గరకు వెళ్తారు. అలా వెళ్లే వీలు వాళ్లకు ఉండాలి.

అచ్చులోకి వచ్చిన కథకు హార్మోనియం లేదు. ఆ లోటు తీర్చవలసింది చదివి వినిపించే గొంతు. బడిలో జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లోని గోవ్యాఘ్ర సంవాదాన్ని తీసుకుంటే, పులికి మాట ఇచ్చి వచ్చిన ఆవు దూడకు చివరిసారి పాలిచ్చి బుద్ధులు చెప్పే చోట ఏ తరగతైనా నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం తేరుకోకముందే ఆవు గుణగణాలు ఐదు వాక్యాల్లో రాయమన్న ప్రశ్న వస్తుంది. ఆడిన మాట తప్పరాదన్న నీతి బోర్డు మీదికి ఎక్కుతుంది, దూడ మాత్రం ఎవరికీ గుర్తుండదు. దుఃఖించడానికి వ్యవధి ఇవ్వకుండా పాఠం పిండుకోవడం విషాద కథకు చేసే అన్యాయాలన్నిటిలోకీ పెద్దది. పిల్లలకు కథల రుచి చూపిన ‘చందమామ’ను 1947లో ప్రారంభించిన చక్రపాణి, దాన్ని దీర్ఘకాలం నడిపిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలి వారే. అందులోని బేతాళుడు కథ చివర ప్రశ్న అడిగేవాడు గానీ, దానికి మార్కులు వేయలేదు.

అప్పుల బాధకు తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు తరగతిలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మంచి మనసున్న ఉపాధ్యాయులు అతనికి సరిపోతుందని రైతు మరణం గురించిన కథనే వెతికి ఇస్తుంటారు. అది పొరపాటు. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నం అక్కడ సంపూర్ణంగా ఉంటుంది. ఆ పిల్లవాడికి అది కథ కాదు, తరగతి ముందు బయటపడ్డ తన ఇల్లు. అతనికి దూరపు కథ కావాలి. 1845లో ఆండర్సన్ రాసిన అగ్గిపుల్లలమ్మే పిల్ల మంచులో చనిపోతుంది. ఈ ప్రాంతపు పర్చూరు ఎండల్లో పెరిగిన బిడ్డకు ఆ మంచే ఒక తెర. ‘రైలుబడి’ పేరుతో తెలుగులోకి వచ్చిన తొత్తో-చాన్ కథలో పోలియో సోకిన స్నేహితుడు చనిపోతాడు, చివరికి యుద్ధంలో బడే కాలిపోతుంది. అయినా ఆ పుస్తకం నిండా ఆటలే. దగ్గరి కథ నిజంగా కావలసింది మిగతా పిల్లలకు. తండ్రి పోయిన తోటివాడితో ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాళ్లకు తెలియాలి. అయితే ఆత్మహత్య ప్రస్తావన ఉన్న కథలో చనిపోయిన పద్ధతిని వర్ణించకూడదు, దాన్ని సమస్యకు పరిష్కారంగా చూపకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు చేసిన ఈ సూచన పిల్లల పుస్తకాలకు మరింత వర్తిస్తుంది. సంప్రదాయ కథలకూ ఇందులో మినహాయింపు లేదు. పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు తనను యుద్ధానికి రానీయకుండా ఉపాయంగా వెనక్కి పంపాడని తెలిసి అతని సహచరుడు అనపోతు ప్రాణం తీసుకునే ఘట్టం ఎంత గొప్పదైనా, దాన్ని చిన్న పిల్లల ముందు ఆదర్శంగా నిలబెట్టడం తగదు.

దుఃఖమంటే చావు ఒక్కటే కాదు, ఎడబాటు కూడా. పత్తి తీతలకు, మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఈ ప్రాంతానికి వస్తాయి. అక్కడ దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్లో కొందరు తల్లిదండ్రుల వెంట వచ్చి చేలగట్లమీద నెలలు గడుపుతారు. ఊళ్లో ఉండిపోయినవారికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంది. అమ్మ దగ్గర లేని ఆ సాయంత్రాల్లో విడిచిపోవడం, ఎదురుచూడడం గురించిన కథ చదివి వినిపించే మనిషి అక్కడ ఉండడం తిండి, పక్క అంత అవసరం. అలా చదవడం నేర్చుకుంటేనే వస్తుంది. బోయపాలెం, మైనంపాడుల్లోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే ఉపాధ్యాయులు కాబోయేవారిని తయారుచేసే డైట్‌లు, ప్రతి ఛాత్రోపాధ్యాయుడి చేత ఒక విషాద కథను తరగతిలో బిగ్గరగా చదివించాలి. పుస్తకం మూశాక ప్రశ్న వేయకుండా, నీతి చెప్పకుండా, పిల్లలు ఏదైనా అడిగితే జవాబిచ్చి, అడగకపోతే వాళ్లతోపాటు కూర్చునే పది నిమిషాలు కూడా ఆ శిక్షణలో భాగం కావాలి. ఏడ్చే పిల్లను వెంటనే ఊరుకోబెట్టాలన్న తొందరను ఆపుకోవడమే అందులో అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడే విద్య.