తక్కువ పెట్టుబడి, ఎక్కువ ఊహ: కౌబాయ్ చిత్రాల మంచిచెడ్డలు

చలనచిత్రమనగానే మన పెద్దలలో కొందరు ముఖం చిట్లించుకొనుట, మన విద్యార్థులలో కొందరు ఒడలు మరచుట పరిపాటి. ఈ రెండింటిలోను విచారణ లేదు. మంచి ఏదో, చెడ్డ ఏదో తూచి చూచుట విద్యావంతుని లక్షణం. ఆ దృష్టితోనే తక్కువ పెట్టుబడితో తయారైన కౌబాయ్ చిత్రాలను, వాటితో చేయి కలిపిన వైజ్ఞానిక కల్పనను ఇక్కడ పరిశీలింపదలచినాము.

కౌబాయ్ చిత్రం అమెరికాలో పుట్టినది. చట్టం ఇంకా చేరని మెట్ట ప్రాంతం, గుర్రమెక్కి వచ్చిన అపరిచితుడు, తుపాకియే తీర్పు చెప్పే ఊరు దాని ముడిసరుకు. వైజ్ఞానిక కల్పన మాట వేరు. లోకంలో ఒక్క సంగతి మారితే మనుష్యులేమవుతారని ప్రశ్నించి, ఆ ప్రశ్నను తర్కంతో చివరిదాకా నడుపుట దాని పద్ధతి.

ఈ రెండూ కలిసిన చిత్రానికి మైకేల్ క్రైటన్ 1973లో రచించి, దర్శకత్వం వహించిన ‘వెస్ట్‌వరల్డ్’ చక్కని ఉదాహరణం. డబ్బున్నవారు కౌబాయ్ వేషాలు వేసుకొని మరమనుషులను కాల్చి వినోదించే విహారస్థలం అందులో ఉన్నది. ఒకనాడు ఆ మరమనుషులు ఎదురు తిరుగుతారు. ఆ చిత్రానికైన సుమారు 12 లక్షల డాలర్లు హాలీవుడ్ లెక్కలలో చిన్న మొత్తమే. యూల్ బ్రిన్నర్‌కు 1960 నాటి ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’లో ఆయన ధరించినటువంటి నల్లని దుస్తులే సరిపోయినవి. మరమనిషి కంటికి లోకం ఎట్లుంటుందో చూపుటకు మాత్రం కంప్యూటరును వాడినారు. కథాచిత్రాలలో అదియే మొదటిసారి. ఎక్కడ పొదుపు చేయవలెనో, ఎక్కడ ఖర్చు పెట్టవలెనో తెలిసినవారి పని అది. యంత్రాలు ఎందుకు తిరుగబడినవో గట్టిగా వివరింపక, చివరి భాగాన్ని వెంటాడుటతోనే సరిపెట్టుట దాని లోపం.

ఇక మన తెలుగు నేలకు వద్దాము. 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ మన మొదటి కౌబాయ్ చిత్రం. నిర్మాణం పద్మాలయా సంస్థది, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచయిత ఆరుద్ర, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి, నాయకుడు కృష్ణ. దానికి సుమారు 7 లక్షల రూపాయలు వ్యయమైనదని చెబుతారు. హిందీలో ‘షోలే’ వచ్చుటకు నాలుగేండ్ల ముందే మనవారు చేసిన సాహసమిది. తరువాత ఇంగ్లీషులోకి కూడ అనువదింపబడినది. ఆ చిత్రాన్ని నేటి సాంకేతికతతో శుభ్రపరచి 2023 మే 31న మరల విడుదల చేసినపుడు, తొలి విడుదల నాటికి పుట్టని యువకులు కూడ థియేటర్లకు వెళ్లి చూచినారు.

దాని గుణాలలో మొదటిది ధైర్యం. కుటుంబ కథలు, పురాణ కథలు రాజ్యమేలుతున్న రోజులలో, తెలుగు ప్రేక్షకునకు అలవాటు లేని దారిని ఎన్నుకొనుట తేలిక కాదు. రెండవది ఆరుద్ర తెలివి. అమెరికా కథను అమెరికాలోనే ఉంచక, తెల్లదొరల కాలానికి, ఒక సంస్థానపు నిధి కథకు ముడివేసినారు. మూడవది స్వామి కెమెరా. విశాలమైన ఆకాశం, ఇసుక, గుర్రపు దుమ్ము: వీటికి డబ్బు కన్న కన్ను ముఖ్యమని ఆయన నిరూపించినారు.

లోపాలను కూడ దాచరాదు. నిధి వేట, ముగ్గురి నడుమ మోసాలు సెర్జియో లియోనె 1966లో తీసిన ‘గుడ్, బ్యాడ్, అగ్లీ’నీ, 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’నూ తలపునకు తెచ్చును. అరువు తెచ్చుకొనుట మహాపరాధమని మేమనము. లియోనె కూడ జపాను దర్శకుడు కురొసావా ‘యొజింబో’ కథను తీసుకొని 1964లో తన మొదటి కౌబాయ్ చిత్రాన్ని తీసినాడు. ఇటలీవాడై, స్పెయిన్ మెట్టలను అమెరికా అని నమ్మించినాడు. అరువును అరిగించుకొనకపోవుటయే అసలు లోపం. సంస్థానాల కాలంలో అమెరికా టోపీలు, నడుముకు రివాల్వర్ పట్టీలు ఎట్లు వచ్చినవో ఆ చిత్రం చెప్పదు. స్త్రీ పాత్రలు చాలవరకు అలంకారానికే మిగిలినవి. న్యాయమంటే ఎవడు ముందు తుపాకి దూసెనన్నదే అయినది.

మరొక విచారం కూడ ఉన్నది. మెట్ట ప్రాంతం కావలసి వచ్చినపుడు చిత్రబృందం రాజస్థాన్ ఎడారికి పయనమైనది. ఎడారి కనులకు విందే, కాదనము. కాని ‘షోలే’ వారు బెంగళూరు చెంతనున్న రామనగరం బండలతోనే దేశమంతటినీ మెప్పించినారు. అటువంటి బండలు ఓర్వకల్లులో లేవా? ఎర్రమల కొండలు, గండికోట లోయ మనవి కావా? పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఊరకనే పుట్టలేదు.

తరువాతి కాలంలో కెమెరాలు మన సీమకు రానే వచ్చినవి. ఏమి చూచినవి? 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, వాటి వెంట వరుసగా మరెన్నో. కౌబాయ్ చిత్రపు ఎముకల గూడునే తీసుకొని, గుర్రాలకు బదులు సుమోలను, తుపాకులకు బదులు నాటుబాంబులను పెట్టినారు. పెట్టుబడి పెరిగినది, ఊహ తరిగినది. నంద్యాల అన్నా, ఆళ్లగడ్డ అన్నా వేటకొడవలి తప్ప మరేమీ తోచని స్థితి బయటివారికి కలిగినది. పై చదువులకు పోయిన మన పిల్లలను సాటివారు ‘మీ ఊరిలో బాంబులుంటాయా?’ అని అడుగుట పరిహాసంగానే కావచ్చును; ఆ పరిహాసం వెనుక సినిమా వేసిన ముద్ర ఉన్నది. కక్షలు అసలు లేవని మేము చెప్పము. ఉన్న పది ముఖాలలో ఒక్కదానినే పటం కట్టుట అన్యాయమంటున్నాము.

డబ్బు లేనిదే అద్భుతం చూపలేమని కొందరంటారు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’లో భవిష్యత్తు, ఎండిన నేల, బహుమానం కొరకు మనుషులను పట్టి ఇచ్చే నాయకుడు కలిసినవి. దానికి వందల కోట్లు వెచ్చించినారు. ఆ కృషిని గౌరవిస్తాము. కాని భవిష్యత్తును ఊహించుట కోట్లతో మొదలు కాలేదు. మన బనగానపల్లెలో అచ్చమ్మ గారి ఆవులను మేపుతూ, రవ్వలకొండ గుహలో కూర్చుండి వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం వ్రాసినారని ప్రతీతి. దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్దయ్య ఆయన ప్రియశిష్యుడు. పశువుల కాపరి, కొండ గుహ, రానున్న కాలం: మన సీమ జనం ఏ విదేశీ చిత్రమూ చూడక మునుపే ఈ మూడింటిని ఒక్క కథలో చెప్పుకొన్నారు.

విద్యార్థులారా! 3,229 మీటర్ల బెలుం గుహలు మన జిల్లాలోనే ఉన్నవి. వేయి అడుగులు తవ్వినా నీరు పడని బోరుబావి మన పొలంలోనే ఉన్నది. భూగర్భజలం పూర్తిగా ఇంకిపోయిన 2100వ సంవత్సరంలో, నీటి చుక్కకు కాపలా కాసే ఊరిలోకి ఒక అపరిచితుడు నడచి వస్తే ఏమగును? ఈ ప్రశ్నకు పెట్టుబడి ఒక కాగితం, ఒక కలం. పిమ్మట చేతిలోని సెల్‌ఫోనే కెమెరా కాగలదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. వ్యాసరచన, వక్తృత్వ పోటీల సరసన ఏటా ఒక లఘుచిత్ర రచన పోటీని, ఉర్దూ తెలుగు భాషలు రెండింటిలోను నిర్వహింపవలెనని కోరుచున్నాము. కథ ఈ ప్రాంతంలోనే జరుగవలెను. కొడవలి మాత్రం కనబడరాదు. అంతకు మించి నిబంధనలు అక్కరలేదు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టుటకు ముందు రాయి పొరను పరీక్షించును. ఎక్కడ దెబ్బ వేస్తే రూపం వచ్చునో, ఎక్కడ వేస్తే పగులునో అతనికి తెలియును. సినిమా తీయదలచినవారు కూడ ముందుగా తమ నేలను అట్లు చూడవలెను. మన ఊరి కథను మనము చెప్పకున్నచో, పరులు తమకు తోచినట్లు చెప్పుచునే ఉందురు.