కార్డు బాకీ మిగిలితే మూడున్నర రూపాయల వడ్డీ

కవాడిగూడ: ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడని తెలిస్తే రచ్చబండ దగ్గర పదిమంది పది మాటలంటారు. ఇక పొలం అమ్ముకోవడమే తరువాయి అని పెద్దవాళ్లు తల పట్టుకుంటారు. అదే వడ్డీకి ఆ ఇంటి కొడుకు పట్నంలో అప్పు వాడుతుంటే మాత్రం ఎవరికీ తెలియదు. చాలాసార్లు వాడుతున్న వాడికే తెలియదు. అక్కడ ప్రామిసరీ నోటు లేదు, సాక్షి సంతకం లేదు, అరుగు మీద కూర్చుని అడిగే షావుకారు లేడు. జేబులో ఒక క్రెడిట్ కార్డు ఉంది, అంతే.

ఇందిరా పార్కు నుంచి అశోక్‌నగర్ మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచిన వారికి ఈ ప్రాంతం సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఇటు కవాడిగూడ, అటు చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు, కోచింగ్ కేంద్రాల బోర్డులే కనిపిస్తాయి. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు పరీక్షలంటూ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే బారులు తీరుతారు. వీరిలో రెండేళ్లో మూడేళ్లో ప్రైవేటు కంపెనీలో పనిచేసి, సర్కారు కొలువు మీద ఆశతో మానేసి వచ్చిన వారు చాలామంది. ఉద్యోగంలో ఉండగా జీతం చూసి బ్యాంకువారు కార్డు ఇచ్చారు. ఇప్పుడు జీతం పోయింది, కార్డు ఉండిపోయింది. చిక్కంతా అక్కడే మొదలవుతున్నది.

మన జిల్లా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఉంటున్న ఒక యువకుడు కోచింగ్ ఫీజు కార్డు మీద కట్టాడు. తర్వాత నెలనెలా బిల్లులో ‘మినిమం’ అని ఉన్న సొమ్ము తప్పకుండా కడుతూ వచ్చాడు. ఒక్క నెల కూడా ఎగవేయలేదు. "కడుతూనే ఉన్నానన్నా, బాకీ మాత్రం జరగడం లేదు" అని అతను వాపోయాడు. అతని మాట అబద్ధం కాదు. బాకీ జరగదు. ఎందుకు జరగదో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఉచితం ఎంతవరకు?

కార్డుతో కొన్న వస్తువుకు వెంటనే వడ్డీ పడదు. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టవలసిన గడువు తేదీ ఒకటి ఉంటాయి. బిల్లు ప్రతి నెలా 10న వస్తుందని, గడువు 28 అని అనుకుందాం. సెప్టెంబరు 11న కొన్నది అక్టోబరు 10 బిల్లులో వస్తుంది, అక్టోబరు 28న కడితే చాలు. అంటే 47 రోజులు పైసా వడ్డీ లేదు. అక్టోబరు 9న కొన్నదానికి మాత్రం 19 రోజులే. ఈ లెక్క తెలిసి, గడువులోగా బిల్లు మొత్తం కట్టేవారికి కార్డు నిజంగానే వడ్డీలేని చేబదులు. నెల జీతం మీద బతికే ఉద్యోగికి అది పనికొచ్చే వస్తువే. సక్రమంగా కట్టిన వాడికి రేపు ఇంటి అప్పు కావాలన్నప్పుడు మంచి పేరూ ఉంటుంది. కార్డును తిట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కానీ బిల్లులో కొంత మిగిల్చామా, కథ తిరగబడుతుంది. మిగిలినది వెయ్యి రూపాయలే కదా అనడానికి లేదు. ఉచిత గడువు అన్నదే రద్దవుతుంది. మిగిలిన బాకీకి కొన్న రోజు నుంచి వడ్డీ లెక్కిస్తారు. ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువుకూ, పాత బాకీ పూర్తిగా తీరేదాకా, కొన్న రోజు నుంచే వడ్డీ. ఇక కార్డు పెట్టి ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా రుసుము.

ఈ వడ్డీ బ్యాంకును బట్టి నెలకు నూటికి సుమారు మూడు నుంచి మూడు రూపాయల ముప్పావలా దాకా ఉంటున్నది. మూడున్నర అనుకుంటే ఏడాదికి 42 శాతం. అంతటితో అయిపోలేదు. మామూలు అప్పు మీద వడ్డీకి జీఎస్టీ లేదు. కార్డు వడ్డీకి ఉంది, 18 శాతం. దాన్ని కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు చేతిలోంచి పోతాయి.

ఏడాది కట్టినా...

ఇప్పుడు ఆ యువకుని వంటివారి సంగతికి వద్దాం. బాకీ 20,000 రూపాయలు. మినిమం అంటే సాధారణంగా బాకీలో 5 శాతం, అంటే వెయ్యి రూపాయలు. అది కట్టాడు, 19,000 మిగిలింది. లెక్క తేలికగా ఉండేందుకు కొన్న రోజు నుంచి గడువు దాకా పడే వడ్డీని వదిలేద్దాం. ఆ తర్వాత కార్డుతో ఒక్క టీ కూడా తాగలేదనే అనుకుందాం. పన్నెండు నెలల పాటు వడ్డీ, జీఎస్టీ కలుపుకుంటూ, ప్రతి నెలా 5 శాతం కట్టుకుంటూ పోతే మొదటి వెయ్యితో కలిపి అతను కట్టినది సుమారు 12,200 రూపాయలు. ఇంకా మిగిలిన బాకీ సుమారు 16,700 రూపాయలు.

పన్నెండు వేలు కడితే తీరినది మూడు వేల మూడు వందలు. మిగతా దాదాపు 8,900 రూపాయలు వడ్డీకీ పన్నుకూ పోయాయి. ఇది కార్డు పోగొట్టుకున్న వాడి కథ కాదు, మోసపోయిన వాడి కథ కాదు. బిల్లు మీద అచ్చువేసిన సొమ్మును నెల తప్పకుండా కట్టిన వాడి కథ. ‘మినిమం’ కడితే ఆలస్య రుసుము పడదు, బ్యాంకు దృష్టిలో ఎగవేతదారు కాడు. వడ్డీ మాత్రం ఆగదు. ఈ తేడా చాలామందికి తెలియకపోవడం విచారకరం.

బ్యాంకులు ఈ విషయం దాస్తున్నాయనలేము. నెలనెలా మినిమం మాత్రమే కడితే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని బిల్లులో హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. కట్టిన మినిమం వడ్డీకి కూడా చాలక బాకీ పెరిగిపోయేలా ఉండకూడదనీ, కట్టని రుసుములను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదనీ ఉంది. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలనీ ఉంది. మంచి నిబంధనలే. అయితే హెచ్చరిక ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ఫోనులో తెరవని కాగితంలో ఉంటే ఎవరికి ఉపయోగం?

మన లెక్క మనకుంది

మన తెలుగువారికి వడ్డీ అంటే శాతం కాదు, రూపాయి. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటేనే మనకు తలకెక్కుతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం పెట్టినప్పుడు ఏడాదికి 3 శాతమని ఎవరూ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. నూటికి నెలకు పావలా అంటే బడి మొహం చూడని అక్కలకూ అర్థమైంది. ఆ లెక్కన కార్డు వడ్డీ పావలాకు పద్నాలుగింతలు. తల్లి సంఘంలో పావలా వడ్డీకి తెచ్చి గేదెను కొంటే, డిగ్రీ చదివిన కొడుకు అంతకు పద్నాలుగు రెట్ల వడ్డీకి తెచ్చి పుస్తకాలు కొంటున్నాడంటే తెలివి ఎవరిదో వేరే చెప్పాలా?

కార్డు మనవారికి కొత్త వస్తువేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఈ పని ముందుగా చేసిన బ్యాంకుల్లో అదొకటి. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.) అప్పట్లో కార్డు కొద్దిమంది దగ్గరే ఉండేది. 2024 నాటికి దేశంలో కార్డులు 10 కోట్లు దాటాయి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో కలుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2022లో అనుమతించాక అది మెస్సు భోజనానికీ, జిరాక్సు కాగితాలకూ వచ్చేసింది. గోడకు అంటించిన కోడ్ మీద ఫోను పెడితే పోయేది మన సొమ్మో బ్యాంకు సొమ్మో చూపుకు తేడా లేదు. బిల్లు వచ్చినప్పుడే తెలుస్తుంది.

పరీక్ష వాయిదా పడితే అద్దె వాయిదా పడదు

పిల్లలు దుబారా చేస్తున్నారని తేలికగా అనేవారున్నారు. అది అన్యాయం. వీరి ఖర్చు సినిమాలకూ షికార్లకూ కాదు, గది అద్దెకూ మెస్సు బిల్లుకూ. అసలు దెబ్బ పరీక్షల తేదీల నుంచి తగులుతున్నది. 783 గ్రూప్-2 ఉద్యోగాలకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టులో జరగవలసిన పరీక్ష నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు జరిగి, చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పెట్టారు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ ఇవ్వవలసి వచ్చింది.

పరీక్ష తర్వాత తీర్చేద్దాంలే అని కార్డు గీకిన వాడికి ఆ పరీక్షే ఏడాది జరిగిపోతే గతి ఏమిటి? కార్డు యాభై రోజుల అప్పు. సర్కారు కొలువు కోసం ఎదురుచూపు రెండేళ్లు, మూడేళ్లు. యాభై రోజుల అప్పు మీద మూడేళ్ల ఎదురుచూపును మోయడం సాధ్యం కాదు. రాసుకోవలసిన మాట ఇదొక్కటే: వచ్చే గడువులోగా చేతికి వస్తుందని ఖాయంగా తెలిసిన సొమ్ముంటేనే కార్డు వాడాలి, బిల్లు మొత్తం కట్టాలి. లేదంటే కార్డు తీయకూడదు.

చట్టం కాపాడుతుందనుకోవడానికీ లేదు. ఏడాదికి 30 శాతానికి మించి కార్డు వడ్డీ తీసుకోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి 30 శాతం అనే ఆ గీత ఇప్పుడు లేదు. మన గీత మనమే గీసుకోవాలి.

ఇప్పటికే చిక్కుకున్న వారు

బాకీ పేరుకున్న వారు ముందుగా ఆ కార్డుతో కొనడం పూర్తిగా ఆపాలి. బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న దేనికీ ఉచిత గడువు ఉండదు. ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు, ఫోను యాప్ అప్పు తేవడం గుంతలోంచి బావిలో పడడమే. వీలైతే తక్కువ వడ్డీ అప్పు తెచ్చి దీన్ని ఒక్కసారిగా తీర్చేయాలి. బ్యాంకుల్లో బంగారం మీద అప్పు చాలాచోట్ల రూపాయి వడ్డీకి అటూఇటూగా దొరుకుతున్నది. మూడున్నర ఎక్కడ, రూపాయి ఎక్కడ? అయితే తల్లి మెడలోది తాకట్టు పెడితే విడిపించే దారి కూడా అప్పుడే చూసుకోవాలి. బాకీని కంతులుగా మార్చమని కార్డు ఇచ్చిన బ్యాంకునే అడగవచ్చు. దాని వడ్డీ, రుసుము ముందే కాగితం మీద రాయించుకుని సరిచూసుకోవాలి. ఇవేవీ కుదరకపోతే మినిమంతో ఆగకుండా చేతికందిన ప్రతి వందా అదనంగా కట్టాలి.

అక్కరలేని కార్డును రద్దు చేయించుకోవడం తేలికే. బాకీ తీర్చి అడిగితే ఏడు పనిదినాల్లో మూసివేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే చెల్లించాలన్నది నిబంధన. బిల్లులో తప్పులుంటే ముందు బ్యాంకుకు రాయాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

చేయవలసినవి

కార్డు షరతులు స్థానిక భాషలో కూడా ఉంటే మేలని రిజర్వు బ్యాంకే చెప్పింది. కనుక ఈ ప్రాంతంలో కార్డులిచ్చే బ్యాంకులు ‘బిల్లు మొత్తం కట్టకపోతే నూటికి నెలకు ఇన్ని రూపాయల వడ్డీ’ అని బిల్లు మొదటి పుటలో తెలుగులో అచ్చువేయాలి. కార్డు చేతిలో పెట్టేటప్పుడు బహుమతుల సంగతి చెప్పే సిబ్బంది ఈ ఒక్క వాక్యం కూడా చెప్పాలి. కోచింగ్ కేంద్రాలవారు ఫీజు ఒక్కసారిగా కట్టమని పట్టుబట్టకుండా మూడు నాలుగు కంతులకు అవకాశమివ్వాలి. పరీక్షల తేదీలు ప్రకటించాక ప్రభుత్వం ఆ మాట మీద నిలబడాలి. ఒక్కో వాయిదాకు పిల్లలు కట్టే వడ్డీ ఏ నివేదికలోనూ కనబడదు.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకూ ఒక మనవి. దసరాకు ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి చదువు ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. కార్డు బాకీ ఎంత ఉందని కూడా అడగండి. కోపంగా కాదు, నెమ్మదిగా అడగండి. చెబితే నాన్న తిడతాడన్న భయంతోనే చాలామంది నెలనెలా మినిమం కట్టుకుంటూ పోతున్నారు. ఇరవై వేల దగ్గర తెలిస్తే ఒక పంట సొమ్ముతో తీరిపోతుంది. లక్ష దాటాక తెలిస్తే పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడుకోవలసి వస్తుంది.