చెట్టు పేరు చెప్పి కాయలమ్మేవాళ్ళేనా మనకు పంతుళ్ళు?

మామిడి కోత అయిపోయింది. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, రెడ్డిగూడెం తోటల్లో చిక్కాలు మూలకు చేరాయి. వచ్చే పూతకు పునాది పడేది ఇప్పుడే. ఎండు కొమ్మలు, గుబురు కొమ్మలు తీసేయాలి, పాదులు చేయాలి, ఎరువు వేయాలి. ఏ కొమ్మ కొట్టాలి, ఎంత మేర కొట్టాలి, ఏ యంత్రం కొనాలి అని అడగడానికి రైతు ఎక్కడికి పోతున్నాడు? పురుగుమందుల కొట్టుకి.

ఇందులో రైతు తప్పేం లేదు. కొట్టు పొద్దున్నే తెరుస్తారు. కొట్టాయనకి మన పేరు, మన తోట, మన బాకీ అన్నీ తెలుసు. అరువిస్తాడు. అరువిచ్చినవాడు చూపించిన డబ్బా కాదని పక్క కొట్లో ఇంకోటి కొనగలమా? నూజివీడులోనే మామిడి పరిశోధనా స్థానం ఉంది. వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. శాస్త్రవేత్తలున్నారు, సిఫార్సులున్నాయి. అక్కడి నుంచి మన తోట గట్టు దాకా దారే లేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 2003లో కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే రైతులనే అడిగింది. నూటికి 60 రైతు కుటుంబాలకు ఏ వైపు నుంచీ సాగు సలహా అందలేదని తేలింది. తోటి రైతును అడిగి తెలుసుకున్నవాళ్ళు సుమారు 17 మంది, దుకాణదారును అడిగినవాళ్ళు 13 మంది. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి ద్వారా తెలుసుకున్నవాళ్ళు ఆరుగురు కూడా లేరు. ఆ ఏడాదే హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ డీలర్లకు ఏడాది డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది. డీలరుకు చదువు చెప్పడం మంచిదే, అజ్ఞానంతో అమ్మేకన్నా నయం. కానీ మందు అమ్మితేనే పూట గడిచే మనిషి ‘ఈసారి ఏ మందూ అక్కర్లేదు’ అని చెబుతాడా? ఆ ఒక్క మాట చెప్పగలవాడే సలహాదారు.

పూత కోసం పోసే ప్యాక్లోబ్యుట్రజాల్ సంగతే చూడండి. చెట్టు కొత్త చిగురు వేయకుండా ఆపి పూత వైపు మళ్ళించే మందు అది. ఎంత పోయాలో చెట్టు గొడుగు ఎన్ని మీటర్లు పరుచుకుందో కొలిచి లెక్క కట్టాలి. పాదులో తేమ ఉండాలి. లేత చెట్టుకి, నీరసించిన చెట్టుకి పోయకూడదు. మందు మట్టిలో నిలిచి ఉంటుంది కాబట్టి ఏటేటా కొలత లేకుండా పోస్తే చిగుళ్ళు గిడసబారి కొమ్మ ముద్దకట్టుకుపోతుంది. ఇవన్నీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. తోటలో మాత్రం ‘చెట్టుకి ఇన్ని మూతలు’ అన్న లెక్కే నడుస్తోంది. టేపు పట్టుకుని చెట్టు కింద నిలబడి కొలిచి చూపించేవాడు ఎవడు?

పైగా చాలా తోటల్లో ఆ మందు పోసేది యజమాని కాదు, ఏడాది గుత్తకు తీసుకున్నవాడు. గుత్తదారుల్లో వ్యాపారులున్నారు, అప్పు తెచ్చి నాలుగెకరాలు పట్టిన చిన్న రైతులూ ఉన్నారు. ఏడాదిలోనే పెట్టుబడి రాబట్టుకోవాల్సినవాడు చెట్టు పదేళ్ళ బతుకు ఎందుకు చూస్తాడు? చూడమనాలంటే చేతిలో మూడేళ్ళ కౌలన్నా ఉండాలి. 2019 చట్టం ఇచ్చే సాగుదారు కార్డు 11 నెలలదే, అదీ యజమాని సంతకం పెడితేనే. యంత్రాల సబ్సిడీకి పాసుపుస్తకం అడుగుతారు. మందు కొట్టేది ఒకరైతే సబ్సిడీ జాబితాలో పేరు ఇంకొకరిది.

యంత్రాల మాటకొస్తే ఇప్పుడు ఎక్కడ చూసినా డ్రోనే. వరి చేలో అది ఎగురుతుంటే ఫొటోలు బాగానే వస్తాయి. కానీ ఎకరానికి పది లీటర్ల నీళ్ళతో కొట్టే డ్రోను, ఒక్కదానికే అంత నీళ్ళు పట్టే పాత బంగినపల్లి చెట్టుకి ఏం సరిపోతుంది? తేనెమంచు పురుగు దాక్కునేది బెరడు పగుళ్ళలో, గుబురు లోపల. పై ఆకు తడిస్తే దానికేం? డ్రోను వద్దని కాదు. నూజివీడు చెట్ల మీద కొట్టి, లోపలి కొమ్మ తడిసిందో లేదో రైతుల ముందు చూపించిన తర్వాతే అమ్మండి అంటున్నాం. కొమ్మలు కోసే రంపాలకూ, ట్రాక్టరు స్ప్రేయర్లకూ ఇదే మాట.

దారి ఉంది, మనం ఎరిగిందే. వరిలో సుడిదోమ మందులకు లొంగకపోయేసరికి ఇండోనేషియాలో 1989లో రైతులను చేలోనే కూర్చోబెట్టి, పురుగులు లెక్కపెట్టడం, మిత్రపురుగును గుర్తుపట్టడం నేర్పారు. అదే మన దగ్గరికి పొలంబడిగా వచ్చింది, ఉద్యాన శాఖలో తోటబడి అయింది. మరి ఆ బడి నడిపించాల్సిన ఉద్యాన సహాయకుడు ఏం చేస్తున్నాడు? 2020లో రైతు భరోసా కేంద్రాలన్నారు, 2024లో రైతు సేవా కేంద్రాలన్నారు. బోర్డు మారింది గానీ ఆ కుర్రాడి చేతిలో ట్యాబు మారలేదు. ఈ-పంట నమోదు, ఈకేవైసీ, సర్వేలు. చెట్టెక్కి చూసే తీరిక ఎక్కడిది?

రైతు చదువు రైతు సంఘం పని అన్న మాట ఈ డెల్టాకి కొత్త కాదు. ఎన్.జి. రంగా 1930లలో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. ధర కోసం నున్న మార్కెట్ దగ్గర బైఠాయించే మనం దీనికోసం ఉద్యాన శాఖ కార్యాలయాల ముందూ కూర్చోవాలి. తోటబడి జూలైలో కత్తిరింపుల నాడు, మళ్ళీ పూత మందు పోసేముందు, మళ్ళీ పూమొగ్గ కనపడ్డప్పుడు తోటలోనే జరగాలి. పూత విప్పారాక మందు కొడితే ఈగలు, తేనెటీగలు చచ్చి పిందె పడదన్న సంగతి మార్చిలో చెప్పి ఏం లాభం? పరిశోధనా స్థానం సిఫార్సు మందు పేరు, మోతాదు, నీళ్ళతో సహా ప్రతి కొట్టు ముందూ తెలుగులో అతికించాలి. 2022లో జిల్లాలు విడగొట్టి నూజివీడును ఏలూరులో, విస్సన్నపేటను ఎన్టీఆర్‌లో పెట్టారు. చెట్లకు జిల్లాలు లేవు గనక రెండు జిల్లాల అధికారులూ ఒకే తోటలో నిలబడాలి.

గ్రామ శాఖలు ఈ నెలాఖరులోగా తమ ఊళ్ళో గుత్తకు, కౌలుకు తోట చేస్తున్న ప్రతి ఒక్కరి పేరూ రాసి, తోటబడి జాబితాలో చేర్చమని మండల ఉద్యాన అధికారికి అర్జీ ఇవ్వాలి. అర్జీ మీద తేదీతో రశీదు అడిగి తీసుకోండి.