‘ఇంకా తెలియదు’ అన్న జవాబుతో తృప్తిపడదాం

సంఘం మహిళా విభాగంలో పనిచేసే మేము కొందరం కలిసి రాస్తున్న మాట ఇది. కాస్త సున్నితమైన సంగతి. మగవాళ్లు "ఇది ఆడవాళ్ల విషయం" అని పక్కకు పెట్టకుండా చివరిదాకా చదవాలని మనవి.

మన సోలాపూర్ తెలుగు ఇళ్లలో "కవలలట!" అనే మాట మగ్గం మీద నాడె కంటే వేగంగా తిరుగుతుంది. పెళ్లయి ఏడెనిమిదేళ్లు ఎదురుచూసి ఐవీఎఫ్ చేయించుకున్న జంట గురించి అయితే మరీను. పొద్దున ఆరో వారం స్కాన్ జరిగితే సాయంత్రానికి భివండిలో ఉన్న మేనత్తకూ, హైదరాబాద్‌లో ఉన్న పెద్దమ్మకూ తెలిసిపోతుంది. రెండు ఉయ్యాలలు ఎక్కడ కట్టాలి, ఏ పేర్లు పెట్టాలి అన్న మాటలు మొదలవుతాయి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత మనదే. అది గుర్తుకు రావాల్సిన రోజునే మనకు గుర్తుకు రాదు.

సంతోషపడటం తప్పని మేము అనడం లేదు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. చికిత్స తర్వాత కవల గర్భం నిలిచినప్పుడు మొదటి పన్నెండు, పదమూడు వారాల్లో ఎవరూ ఏదీ ఖాయంగా చెప్పలేరు. డాక్టరు కూడా చెప్పలేరు. ఆ రోజుల్లో జంటను పలకరించినప్పుడు వాళ్లు "ఇంకా తెలియదు" అంటే అదే పూర్తి జవాబు. దాన్ని అక్కడితో వదిలేయడం చుట్టాలూ సంఘమూ నేర్చుకోవాలి.

ఎందుకు తెలియదో కాస్త వివరంగా చెప్పుకుందాం. వివరం తెలిస్తే ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి.

ఐవీఎఫ్‌లో ఐదు రోజుల పిండాన్ని గర్భాశయంలో పెట్టిన రోజునే, డాక్టర్ల లెక్కలో ఆమెకు 2 వారాల 5 రోజులు. కాబట్టి "ఆరు వారాలు" అని మనం వినేనాటికి పిండం లోపలికి చేరి 23 రోజులే అయి ఉంటుంది. అంతకు ముందు, పిండం పెట్టిన పది నుంచి పద్నాలుగు రోజులకు రక్తపరీక్ష చేస్తారు. బీటా హెచ్‌సీజీ అనే ఆ అంకె తొలి రోజుల్లో సాధారణంగా రెండు మూడు రోజులకు ఒకసారి రెట్టింపవుతుంది. అంకె ఎక్కువ వస్తే "ఇద్దరే" అని ఇంట్లో తేల్చేస్తారు. ఒక్క బిడ్డే ఉన్నా అంకె ఎక్కువగా రావచ్చు. ఎంతమంది అన్నది స్కాన్‌లో చూడాల్సిందే.

స్కాన్‌లో ఐదో వారం ప్రాంతంలో చిన్న సంచి కనిపిస్తుంది. ఆరు, ఏడు వారాల మధ్య గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. రెండు సంచులు కనిపించి ఒకదానిలోనే గుండె కొట్టుకోవచ్చు. ఒక పిండం కొలత రెండోదాని కంటే తక్కువ ఉండొచ్చు. అప్పుడు డాక్టరు "బఘూయా, వారం పది రోజుల తర్వాత రండి" అంటారు. ఇంట్లోవాళ్లకు అది దాటవేసినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో చూడటం తప్ప ఎవరైనా చేయగలిగింది చాలా తక్కువ. వారం తర్వాత చూస్తే పెరిగిందా లేదా తెలుస్తుంది. ఆలోపు తెలియదు.

తొలి స్కాన్‌లో రెండు కనిపించి, తర్వాత ఒకటి ఎదుగుదల ఆపేసి, నెమ్మదిగా శరీరంలోనే కలిసిపోవడం డాక్టర్లకు కొత్త విషయం కాదు. దాన్ని వానిషింగ్ ట్విన్ అంటారు. మొదటి మూడు నెలల్లోనే అలా జరిగితే రెండో బిడ్డ చాలావరకు మామూలుగానే ఎదుగుతుంది. ఇలా తొలి వారాల్లో పిండం ఆగిపోవడానికి ఎక్కువగా కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. ఆమె మెట్లెక్కడం, బొప్పాయి తినడం, పుణె బస్సులో కూర్చోవడం కారణాలు కావు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి అత్తగారికీ, ప్రతి తల్లికీ చదివి వినిపించాలని మా కోరిక.

ఇద్దరూ బాగున్నారని తెలిసిన తర్వాత కూడా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఇద్దరికీ వేరువేరు మాయలు ఉన్నాయా, ఒకే మాయను పంచుకుంటున్నారా? ఇది 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్‌లో బాగా తెలుస్తుంది. రెండు పిండాలు పెడితే సాధారణంగా ఎవరి మాయ వారిది. ఒక్క పిండమే పెట్టినా అది రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. అలాంటప్పుడు ఇద్దరికీ ఒకే మాయ ఉండే అవకాశం ఎక్కువ. ఒకే మాయ ఉన్నవాళ్లకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేస్తూ కనిపెట్టి ఉండాలి. ఇవన్నీ తేలకముందే మనం శ్రీమంతానికి హాలు మాట్లాడేస్తున్నాం.

మాకు తెలిసిన ఒక జంట సంగతి, వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా చెబుతాం. అతను చద్దర్ల కార్ఖానాలో లెక్కలు చూస్తాడు. ఆమె బడిలో టీచరు. రెండోసారి ఐవీఎఫ్‌కు గర్భం నిలిచింది. ఏడో వారంలో రెండు గుండెలూ కొట్టుకోవడం చూశారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆనందం పట్టలేక నలుగురికీ చెప్పారు. భివండి నుంచి మేనత్త రెండు ఊలు టోపీలు అల్లి పంపింది. తొమ్మిదో వారం స్కాన్‌లో ఒక గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంటికి రెండు రకాల మాటలు వచ్చాయి. సంగతి తెలిసినవాళ్లు "పోనీలే అమ్మా, ఒకటైనా దక్కింది" అన్నారు. తెలియనివాళ్లు "ఇద్దరూ బాగున్నారా?" అని నవ్వుతూ అడిగారు. రెండో ప్రశ్నకు ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. పెళ్లి పంక్తిలో భోజనానికి కూర్చుని కూడా అతను అదే చెప్పాల్సి వచ్చింది. రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథోత్సవం వాళ్ల వీధి మీదుగా వెళ్లినా ఆమె తలుపు తీసి బయటికి రాలేదు. "ఏడిస్తే ఉన్న బిడ్డకు అన్యాయం చేస్తున్నట్టుండేది. నవ్వితే పోయిన బిడ్డకు అన్యాయం చేస్తున్నట్టుండేది" అని తర్వాత మాతో అంది. ఉన్న బిడ్డ క్షేమంగా పుట్టింది, ఇప్పుడు బాల్వాడీకి పోతోంది. రెండో టోపీని ఆమె ఎవరికీ ఇవ్వలేదు, బీరువాలోనే ఉంచుకుంది.

చెడ్డవాళ్లెవరూ లేరు ఈ కథలో. అందరూ మేలు కోరినవాళ్లే. వాళ్ల మేలు కోరిక ఆమెకు నెలల తరబడి బరువైంది, అంతే.

"అందుకే మా కాలంలో మూడో నెల దాటేవరకు నోరు విప్పేవాళ్లం కాదు, దిష్టి తగులుతుంది" అని పెద్దవాళ్లు అంటారు. ఆ పద్ధతిలో కొంత వివేకం ఉంది, కాదనలేం. అయితే దానికి ఇంకో పక్క కూడా ఉంది. ఎవరికీ చెప్పకుండా మోసిన గర్భం పోతే ఆ దుఃఖం కూడా ఎవరికీ చెప్పుకోలేనిదే అయ్యేది. మన నానమ్మలు, అమ్మమ్మలు అలా మింగుకున్న దుఃఖాలు ఎన్నో. ఊరంతా చాటడమూ వద్దు, నోరు కట్టుకోవడమూ వద్దు. ఏం జరిగినా పక్కన నిలబడే ఇద్దరు ముగ్గురికి, ఉన్నది ఉన్నట్టుగా చెబితే చాలు. "రెండు కనిపించాయి, ఒకదాని సంగతి ఇంకా తేలలేదు" అని చెప్పగలిగే మనుషులు ఆమెకు ఉండాలి.

ఇంకో మాట, కొందరికి కష్టంగా అనిపించినా చెప్పాలి. "ఇంత ఖర్చు పెడుతున్నాం, రెండు పిండాలు పెట్టించుకోండి, ఒకేసారి ఇద్దరు వస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. తల్లికి బీపీ, షుగరు వచ్చే అవకాశం ఒక్క బిడ్డ ఉన్నప్పటి కంటే ఎక్కువ. నెలలు నిండక పుట్టిన పిల్లల్ని ఐసీయూలో ఉంచితే, ఆదా అయిందనుకున్న డబ్బు అక్కడ ఖర్చవుతుంది. చాలామందికి ఒక్క పిండమే చాలని డాక్టర్లు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇది. ఇప్పటికే కవలల్ని మోస్తున్న చెల్లెళ్లను భయపెట్టడానికి ఇది రాయడం లేదు. సరైన కనిపెట్టుడు ఉంటే కవల గర్భాలు ఎక్కువ శాతం క్షేమంగానే గడుస్తాయి. ఎన్ని పిండాలు పెట్టించుకోవాలన్నది ఆ జంటా, డాక్టరూ తేల్చుకోవాల్సిన మాట. ముగ్గురు కనిపించినప్పుడు సంఖ్య తగ్గించే ప్రస్తావన డాక్టరు తెస్తే, ఆ నిర్ణయమూ వాళ్లదే. అందులో మన అభిప్రాయానికి చోటు లేదు. ఇక "ఒక బాబు, ఒక పాపేనా?" అని డాక్టర్ని అడగమని ఒత్తిడి చేసేవాళ్లకు ఒకటే గుర్తుచేస్తాం. 1994 నాటి చట్టం ప్రకారం పుట్టకముందు ఆడా మగా చెప్పడమూ నేరమే, చెప్పమని కోరడమూ నేరమే.

ఈ వారాలు గడుపుతున్న జంటలకు మేము చెప్పగలిగింది కొంచెమే.

తర్వాతి స్కాన్ తేదీ క్యాలెండరులో రాసుకోండి. ఆ తేదీ వరకే ఆలోచించండి, తొమ్మిది నెలలూ ఒకేసారి మోయకండి. డాక్టర్ని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, లోపలికి వెళ్లగానే అన్నీ మరిచిపోతాం. మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చుకోవద్దు. ఇచ్చిన మందులు, ప్రొజెస్టెరాన్ సహా, సొంతంగా ఆపవద్దు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మంచానికే అంటుకుని ఉండాల్సిన పని లేదు, దానివల్ల గర్భం నిలుస్తుందన్న ఆధారం లేదు. కొద్దిగా రక్తం కనిపించినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు, డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. ఎక్కువ రక్తస్రావం, ఒక పక్క తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పొట్ట బాగా ఉబ్బి ఊపిరి ఆడకపోవడం ఉంటే మాత్రం ఎవరినీ అడగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

భర్తలకు ఒక మాట. ఫోన్లు మీరు ఎత్తండి. "ఏదైనా ఉంటే మేమే చెబుతాం పిన్నీ" అని మీరు అంటే పిన్ని వింటుంది. అదే మాట కోడలు అంటే పొగరు అంటారు. మీకూ భయం ఉంటుందని మాకు తెలుసు. స్కాన్ గది బయట చేతిలో ఫైలు పట్టుకుని నిలబడ్డ మగవాణ్ని "నువ్వెలా ఉన్నావు?" అని అడిగేవాళ్లు తక్కువ. ఆ మాట అడగడం మగ సభ్యులు మొదలుపెట్టాలి.

ఇక సంఘానికి. మహిళా విభాగం తరఫున మూడు పనులు అనుకున్నాం.

మొదటిది, ఇలాంటి కబుర్లు సంఘం సమావేశాల్లో, పసుపు కుంకుమల్లో ఎవరు ఎత్తినా మర్యాదగా అక్కడే ఆపేస్తాం. చెప్పాల్సినవాళ్లు చెప్పినప్పుడే అది అందరి సంతోషం అవుతుంది.

రెండోది, స్కాన్‌కు తోడు. కొందరు ఇక్కడే చూపించుకుంటారు, కొందరు పుణెకో హైదరాబాద్‌కో వెళ్తారు. కాగితాలన్నీ ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉంటాయి. తెలంగాణ పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన అమ్మాయికి, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని అత్తగారికి డాక్టరు చెప్పింది సగమే అర్థమవుతుంది. ఆ మిగతా సగంలోనే భయం పెరుగుతుంది. డాక్టరు చెప్పింది ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క దాచకుండా తెలుగులో చెప్పేందుకు మాలో ఇద్దరం వెంట వస్తాం. బయటికి వచ్చాక ఆ మాట మా నోట ఇంకెక్కడా రాదు.

మూడోది, గర్భం పోయిన ఇంటికి వెళ్లడం. పిండం ఎన్ని వారాలది, ఒకటి పోయిందా రెండూ పోయాయా అన్న లెక్కలు లేకుండా, మామూలుగా పలకరించినట్టే వెళ్తాం. ఒక పూట వంట చేసిపెట్టి, ఆమె మాట్లాడితే విని, మాట్లాడకపోతే కూర్చుని వస్తాం. "ఒకటైనా మిగిలింది కదా" అన్న మాట మాత్రం అనం.

మన పెద్దలు మగ్గాలు పట్టుకుని ఈ ఊరు వచ్చినప్పుడు కూడా ఏదీ ఖాయంగా తెలియదు. ఒకరి ఇంట్లో ఒకరు తలదాచుకుని, ఉన్నదాంట్లో పంచుకుని నిలదొక్కుకున్నారు. ఆ తోడు ఇప్పుడు ఈ జంటలకు కావాలి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి వారాలు లెక్కపెట్టుకుంటున్న అమ్మాయి ఉంటే, ఈసారి కలిసినప్పుడు "ఎంతమంది?" అని అడగకండి. "భోంచేశావా తల్లీ? రేపు స్కాన్‌కు తోడు రానా?" అని అడగండి.